పాటలో మాట నిలవాలంటే – డిజిటల్ సంగీత మేళనంలో ఈక్వలైజర్, వడపోతల వినియోగం

మలేషియాలో మన తెలుగువారి పెళ్లి విందులోనైనా, ఉగాది సాయంత్రపు కార్యక్రమంలోనైనా ఈ దృశ్యం మనకు కొత్త కాదు. హాలులో ఒక మూల చిన్న బల్ల, దాని మీద ల్యాప్‌టాప్ కంప్యూటరు, పక్కనే మీటలూ చక్రాలూ అమర్చిన పలక, చెవికి హెడ్‌ఫోను తగిలించుకున్న యువకుడు. ఒక పాట ముగియకముందే రెండవ పాట దానిలో కలిసిపోతుంది. యువతీయువకులు ఉత్సాహంగా అడుగులు వేస్తుంటారు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు మాత్రం కొంతసేపు ఓపిక పట్టి, ఒక్కొక్కరే కుర్చీలు వదిలి వరండాలోకి నడుస్తారు. "పాట మంచిదేరా అబ్బాయ్, మాటే వినబడలేదు" అని తాతగారు అంటారు. "సౌండు తగ్గిస్తే ఎవరూ ఆడరు తాతా" అని మనవడి జవాబు.

శాస్త్రదృష్టితో పరిశీలిస్తే ఇద్దరి మాటా నిజమే. శబ్దం ఎంత గట్టిగా ఉన్నది అనేది ఒక ప్రశ్న. ఆ శబ్దంలో ఏ పాలు ఎంత ఉన్నది అనేది వేరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానం ప్రధాన మీటలో ఉన్నది. రెండవ ప్రశ్నకు సమాధానం ఈక్వలైజరులోనూ వడపోతలోనూ ఉన్నది. తాతగారికి మాట వినబడకుండా అడ్డుపడుతున్న భాగాన్ని గుర్తించి దానిని మాత్రమే తగ్గించగలిగితే, మనవడి ఆటకు భంగం కలగదు.

మనవంటి ప్రవాసులకు ఇది వినోదాన్ని మించిన విషయం. రబ్బరు తోటలలోనూ, బాగాన్ దాతూ ప్రాంతపు కొబ్బరి తోటలలోనూ మన పెద్దలు స్థిరపడిన కాలంలో తోటబడిలో తెలుగు అక్షరాలు నేర్పేవారు. ఆ బడులు కాలక్రమాన మూతపడ్డాయి. ఇప్పటి మన పిల్లలలో చాలామందికి తెలుగు మాట చెవిన పడే అవకాశం ఇంట్లో, సంఘం నడిపే తరగతుల్లో, ఆపైన సినిమా పాటలో. ఆ పాటలో కూడా మాట మునిగిపోతే మిగిలేది దరువు మాత్రమే.

శబ్దలోకంలో ఎవరి ఇల్లు ఎక్కడ?

శబ్దం గాలిలో కలిగే కంపనం. సెకనుకు ఎన్ని కంపనాలు జరుగుతాయో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దాని కొలత హెర్ట్జ్. ఆరోగ్యవంతమైన యువకుని చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. సంగీతంలోని ప్రతి వాద్యానికీ ఈ విశాలమైన వీధిలో ఒక ఇల్లు ఉన్నది.

20 నుండి 60 హెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని చెవికంటె రొమ్ము ఎక్కువగా గుర్తిస్తుంది. 60 నుండి 250 వరకు పెద్ద డోలు, బేస్ గిటారు నివసిస్తాయి. 250 నుండి 500 వరకు ఉన్న ప్రాంతం అన్ని వాద్యాలూ వచ్చి చేరే కూడలి. ఇక్కడ రద్దీ పెరిగితే పాట బురదలో నడిచినట్లు వినిపిస్తుంది. 500 నుండి 2,000 వరకు గాత్రానికి నిండుదనం లభిస్తుంది. 2,000 నుండి 5,000 వరకు హల్లులు స్పష్టపడతాయి. ఆపైన తాళాల గలగల, సకారపు ఊదర వినిపిస్తాయి.

ఈ హల్లుల ప్రాంతం తెలుగుకు ఎంత ముఖ్యమో గమనించండి. అచ్చులలో బలం ఉంటుంది, హల్లులలో అర్థం ఉంటుంది. "పాట", "పాత" అనే మాటలలో భేదమంతా ఒక్క హల్లులోనే ఉన్నది. "కల", "కళ" కూడా అంతే. ట, డ, ణ, ళ వంటి మూర్ధన్యాలను పలికేటప్పుడు నాలుక కొన వెనుకకు మడుచుకుంటుంది. దానివల్ల సుమారు 2,000 నుండి 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉండే శబ్దశక్తి కొంత కిందికి జరుగుతుంది. మన చెవి ఆ చిన్న మార్పును పట్టుకొనే త, ట లను వేరుచేస్తుంది. సకారపు శక్తి అధికభాగం 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. శకారానిది అంతకంటె దిగువన మొదలవుతుంది. హాలులో ఈ భాగం అణగిపోతే పాట చెవికి అందుతుంది గాని అర్థం అందదు. తెలుగు బాగా వచ్చినవారు సందర్భాన్ని బట్టి లోపాన్ని పూరించుకోగలరు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడికి ఆ ఆధారం లేదు.

టెలిఫోను నుండి పాటల బల్ల వరకు

ఈక్వలైజర్ అనే పేరు టెలిఫోను రంగం నుండి వచ్చింది. దూరప్రాంతాలకు వేసిన తీగలలో హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువగా క్షీణించేవి. ఆ నష్టాన్ని పూరించి, అన్ని పౌనఃపున్యాలను తిరిగి సమానస్థాయికి తెచ్చే సాధనం కనుక దానికి "సమానం చేసేది" అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. పాత టెలిఫోను 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకు మాత్రమే మోసుకొనిపోయేది. ఫోనులో పేరు చెప్పేటప్పుడు "స" అంటే అవతలివారికి "ఫ" అని వినిపించటానికి కారణం ఇదే.

1952లో పీటర్ బాక్సాండల్ అనే ఇంగ్లండు ఇంజనీరు, మంద్రాన్నీ తారాన్నీ విడివిడిగా పెంచి తగ్గించగల సరళమైన వలయాన్ని ప్రకటించారు. మన ఇళ్లలోని రేడియోలు, టేప్ రికార్డర్ల మీద కనిపించిన "బాస్", "ట్రెబుల్" చక్రాలకు ఆ వలయమే ఆధారమైంది. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ అమెరికాలో పారామెట్రిక్ ఈక్వలైజరును వివరిస్తూ పత్రం సమర్పించారు. ఏ పౌనఃపున్యాన్ని మార్చాలి, ఎంత మార్చాలి, ఎంత వెడల్పున మార్చాలి అనే మూడింటినీ వినియోగదారుడే నిర్ణయించుకోగల సాధనం అది.

పాటలు కలిపేవారి బల్ల మీద సాధారణంగా ప్రతి పాటకు మూడు చక్రాలు ఉంటాయి: మంద్రం, మధ్యమం, తారం. వీటికి తోడుగా వడపోత చక్రం ఒకటి. దానిని ఒకవైపు తిప్పితే ఒక హద్దుకు పైనున్న స్వరాలు క్రమంగా మాయమవుతాయి. రెండవవైపు తిప్పితే కిందనున్నవి మాయమవుతాయి. ఈక్వలైజర్ పాళ్లు మారుస్తుంది, వడపోత హద్దులు గీస్తుంది. ఈ రెండింటికీ ఉన్న భేదం ఇదే.

మార్పును డెసిబెళ్లలో కొలుస్తారు. 6 డెసిబెళ్లు పెంచితే కంపన విస్తృతి రెండింతలవుతుంది; 6 తగ్గిస్తే సగమవుతుంది. కొన్ని మిక్సర్లలో చక్రాన్ని పూర్తిగా పైకి తిప్పితే 6 డెసిబెళ్లు పెరుగుతాయి, పూర్తిగా కిందికి తిప్పితే 26 డెసిబెళ్లు తగ్గుతాయి. అనగా విస్తృతి 20వ వంతుకు పడిపోతుంది. పెంచటానికి ఇచ్చిన చోటు కొద్ది, తగ్గించటానికి ఇచ్చిన చోటు ఎక్కువ. సాధనాన్ని నిర్మించినవారి ఉద్దేశం ఈ అమరికలోనే తెలుస్తున్నది.

అంకెలు వడపోసే విధం

కంప్యూటరులో పాట అంకెల వరుసగా ఉంటుంది. సి.డి. పద్ధతిలో సెకనుకు 44,100 అంకెలు. ఇందువల్ల 22,050 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని నమోదు చేయవచ్చు. ఈ అంకెల వరుసను వడపోయటం ఎట్లా అన్నది చూడటానికి పెద్ద గణితం అక్కరలేదు.

పక్కపక్కన ఉన్న రెండు అంకెలను కూడి సగం చేయండి. ఆ సగటును కొత్త అంకెగా రాయండి. వరుస పొడవునా ఇట్లాగే చేయండి. నెమ్మదిగా మారే మంద్రస్వరంలో పక్క అంకెలు దాదాపు సమానంగా ఉంటాయి కాబట్టి సగటు కూడా అంతే ఉంటుంది. స్వరానికి నష్టం లేదు. అతివేగంగా మారే స్వరంలో ఒక అంకె +1 అయితే పక్కది –1. సగటు సున్న. ఆ స్వరం మాయమైపోయింది. ఇదే మంద్రాన్ని మాత్రమే పోనిచ్చే వడపోత. సగటుకు బదులు రెండు అంకెల భేదాన్ని తీసుకుంటే ఫలితం తలకిందులవుతుంది. మంద్రం పోయి తారం మిగులుతుంది.

నేటి సాఫ్ట్‌వేర్లలో తరచు వాడే వడపోత దీనికంటె కొంచెం పెద్దది. అది ప్రస్తుత అంకెను, దానికి ముందున్న రెండు అంకెలను, తాను ఇంతకుముందు ఇచ్చిన రెండు ఫలితాలను తీసుకొని, ఒక్కొక్కదానిని ఒక్కొక్క గుణకంతో హెచ్చించి కూడుతుంది. గుణకాలు మొత్తం 5. చక్రం తిప్పినప్పుడల్లా మారేవి ఆ అయిదు గుణకాలే. అటువంటి వడపోత ఒకటి హద్దు దాటిన తరువాత ప్రతి అష్టకానికీ, అనగా పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ, 12 డెసిబెళ్ల చొప్పున శబ్దాన్ని తగ్గించగలదు. రెండింటిని వరుసగా పెడితే 24 అవుతుంది. 12 వాలుగా ఉన్న దారి వంటిది. 24 నిట్టనిలువు మెట్ల వంటిది.

ఈ లెక్కలో మనము మరచిపోరాని నియమం ఒకటున్నది. వడపోత గాని, ఈక్వలైజర్ గాని పాటలో లేనిదానిని సృష్టించలేవు. మాయాబజార్ (1957) కాలపు సినిమా పాటలను ఒకే ధ్వనిమార్గంలో నమోదు చేసేవారు. ఫిల్ము మీది ధ్వనిపట్టీలో అతిమంద్రమూ అతితారమూ సరిగా నిలిచేవి కావు. ఆ చిత్రంలోని పెళ్లి పాటను మన విందులో వినిపిస్తూ, "దరువు చాలలేదు" అని మంద్రపు చక్రాన్ని పూర్తిగా పైకి తిప్పితే పైకి వచ్చేది డోలు కాదు, పాత ముద్రణలోని గుర్రుమనే శబ్దం. కరెంటు పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్ హోరు కూడా దానితో కలిసి వస్తుంది. అటువంటి పాటకు చేయదగిన ఉపకారం దీనికి విరుద్ధమైనది: 60, 70 హెర్ట్జ్ దిగువ భాగాన్ని వడపోసి, దాని సహజబలమైన గాత్రాన్ని నిలబెట్టటం.

రెండు పాటలు ఒకే పందిరిలో

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాము. పాత పాట తరువాత కొత్త పాట రావాలి. 2023లో ఆస్కార్ బహుమతి పొందిన ఆర్.ఆర్.ఆర్. చిత్రంలోని నాట్యగీతమే అనుకుందాము. కొత్త పాటలో డోళ్లు బలంగా ఉన్నాయి, ముద్రణ స్థాయి కూడా హెచ్చు. మొదట చేయవలసిన పని ఈక్వలైజరును తాకటం కాదు. ప్రతి పాటకూ ఉన్న ప్రవేశస్థాయి చక్రంతో రెండింటినీ చెవికి సమానమయ్యేట్లు సవరించాలి. ఈక్వలైజర్ చక్రాలన్నీ మధ్యలో ఉండాలి. సూచికలో అత్యధిక శిఖరం ఎర్రదీపానికి 6 డెసిబెళ్లు దిగువన ఉండేట్లు చూసుకోవాలి.

ఈ ఎడం ఎందుకు? సమానబలం కల రెండు వేర్వేరు పాటలు కలిస్తే మొత్తం సుమారు 3 డెసిబెళ్లు పెరుగుతుంది. రెండు డోళ్లు ఒకే క్షణాన, ఒకే దిశలో మోగితే 6 వరకు పెరగవచ్చు. డిజిటల్ పద్ధతిలో సున్న డెసిబెల్ అన్నది కొలపాత్ర అంచు. అంచు దాటిన శబ్దం నిలవదు. తరంగపు శిఖరాలు కత్తిరించినట్లు తెగిపోయి, కర్ణకఠోరమైన కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి. అవి హల్లుల ప్రాంతంలోకి కూడా వచ్చి పడతాయి.

రెండవ నియమం: మంద్రస్థానంలో ఒకే పాట ఉండాలి. ఒకే పీట మీద ఇద్దరు పెళ్లికొడుకులు కూర్చోలేరు. రెండు పాటల డోళ్లు ఒకదానినొకటి బలపరచనూ వచ్చు, తరంగాలు ఎదురైతే ఒకదానినొకటి చంపుకోనూ వచ్చు. అందుచేత వచ్చే పాటను మంద్రం పూర్తిగా తగ్గించి ప్రవేశపెట్టాలి. దాని తాళాలు, పైస్వరాలు ముందుగా వినిపిస్తాయి. ఆవృత్తం పూర్తయిన చోట పాత పాట మంద్రాన్ని తగ్గిస్తూ కొత్త పాట మంద్రాన్ని మధ్యస్థానానికి తేవాలి. ఆదితాళంలో 8 అక్షరాలకు ఒక ఆవృత్తమని మనకు తెలుసు. నాట్యగీతాలలో కూడా వాక్యాలు చాలావరకు 8, 16, 32 దెబ్బలకు మలుపు తిరుగుతాయి. మార్పు ఆ మలుపులో జరిగితే ఆడేవారి అడుగు తప్పదు.

మూడవ నియమం మన భాషకు సంబంధించినది: గాత్రం మీద గాత్రం పడరాదు. మంద్రంలో ఘర్షణను చక్రంతో పరిష్కరించవచ్చు. రెండు గొంతుల ఘర్షణను ఏ చక్రమూ పరిష్కరించలేదు, ఎందుకంటే రెండూ ఒకే ఇంటివి. మధ్యమాన్ని తగ్గించి ఒక గొంతును అణచితే ఆ పాట ప్రాణం పోతుంది. పల్లవికి ముందున్న వాద్యభాగాన్ని, చరణాల మధ్యనున్న వాద్యభాగాన్ని ముందుగానే గుర్తుపెట్టుకొని, అక్కడే కలపటం మేలు. ఒక పాట చతురశ్రగతిలోనూ మరొకటి తిశ్రగతిలోనూ నడుస్తుంటే అసలు కలపకుండా, వడపోతతో మొదటి పాటను నెమ్మదిగా సన్నబరచి, ఒక్క క్షణం నిశ్శబ్దమిచ్చి రెండవదానిని ప్రారంభించటమే మర్యాద.

వడపోత చక్రం పక్కన హద్దు దగ్గరి స్వరాన్ని ఉబ్బించే ఏర్పాటు కూడా కొన్నిటిలో ఉంటుంది. దానిని హెచ్చుగా ఉంచి చక్రాన్ని తిప్పితే, 2,000, 3,000 హెర్ట్జ్ దాటేటప్పుడు కీచుమనే శబ్దం చెవిని పొడుస్తుంది. చెవికి అత్యంత సున్నితమైన ప్రాంతం అదే కాబట్టి దానిని తక్కువలోనే ఉంచాలి.

ఇంట్లో కుదిరినది హాలులో ఎందుకు చెడుతుంది?

చాలామంది యువకులు పడకగదిలో కూర్చుని, హెడ్‌ఫోనుతో పాటల పాళ్లు నిర్ణయించుకుంటారు. హాలులో అదే అమరిక గోడలను అదరగొడుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి మూలకారణాన్ని కొలిచి చూపారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవి మంద్రస్వరాలను తక్కువగా గ్రహిస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ లోపం తగ్గుతుంది. ఇంట్లో మెల్లగా వింటూ చాలలేదని పెంచిన మంద్రం, హాలులో గట్టిగా మోగేసరికి రెండింతల భారమవుతుంది.

దీనికి హాలు కొలతలు తోడవుతాయి. 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో శబ్దవేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. నేలకూ పైకప్పుకూ మధ్య 3.5 మీటర్లున్న హాలులో, 50 హెర్ట్జ్ తరంగంలో సరిగా సగం ఆ ఎత్తులో ఇముడుతుంది. అప్పుడు 50, 100, 150 హెర్ట్జ్ శబ్దాలు ఒకచోట పొంగుతాయి, మరొకచోట కుంగుతాయి. గోడల మధ్య దూరాన్ని బట్టి ఇటువంటి వరుసలు ఇంకా ఏర్పడతాయి. బల్ల దగ్గర నిలబడినవానికి మంద్రం చాలలేదని తోచినప్పుడే, గోడ పక్కన కూర్చున్న అమ్మమ్మగారికి అది భరించరానిదై ఉండవచ్చు. పైగా ఖాళీ హాలులో చేసిన పరీక్ష నిండు హాలుకు సరిపోదు. మనుషులూ వారి దుస్తులూ హెచ్చు స్వరాలను పీల్చుకుంటాయి గాని, మంద్రాన్ని అంతగా పీల్చుకోవు.

వయస్సు ప్రభావం కూడా ఉన్నది. వార్ధక్యంలో వినికిడి మొదట తగ్గేది హెచ్చు పౌనఃపున్యాలలోనే, అనగా హల్లులు నివసించే వైపున. 1981లో కౌలాలంపూరులో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు పాతికేళ్ల యువకులుగా ఉన్నవారు నేడు డెబ్బైయవ పడి అంచున ఉన్నారు. మంద్రం వారికి మునుపటివలెనే వినబడుతుంది, హల్లు వినబడదు. పైగా బలమైన మంద్రం తనకు పైనున్న బలహీన స్వరాలను కప్పివేయగలదు. తాతగారి ఫిర్యాదుకు ఇదే శాస్త్రీయమైన కారణం. మంద్రాన్ని 3, 4 డెసిబెళ్లు తగ్గించి, 300 హెర్ట్జ్ ప్రాంతపు రద్దీని కొంచెం పలచన చేస్తే, ప్రధాన మీట పెంచకుండానే మాట పైకి తేలుతుంది.

చెవికి హద్దు

చెవి లోపలి సూక్ష్మరోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో తిరిగి మొలవవు. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చునన్నది అనేక దేశాలు అంగీకరించిన హద్దు. మలేషియాలో 2019లో అమలులోకి వచ్చిన వృత్తి శబ్ద నిబంధనలు కూడా పనిచేసే చోటుకు 85 డెసిబెళ్లనే దినసరి పరిమితిగా నిర్ణయించాయి. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకూ శబ్దశక్తి రెండింతలవుతుంది కాబట్టి కాలాన్ని సగం చేయాలి. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1 గంట, 97కి అరగంట, 100కు 15 నిమిషాలు. వినోదస్థలాలలో 15 నిమిషాల సగటు 100 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణాన్ని ప్రకటించింది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. పసిపిల్లలను ఎత్తుకొని వచ్చే మన కుటుంబ వేడుకలకు అంతకంటె చాలా తక్కువే తగినది.

కలిపేవారికి కొన్ని సూచనలు

1. చక్రాలన్నీ మధ్యలో పెట్టి ప్రారంభించండి. లోపం కనిపిస్తే ముందు తగ్గించి చూడండి; పెంచటం చివరి ఉపాయం.

2. పాత పాటలకు 60, 70 హెర్ట్జ్ దిగువన వడపోత పెట్టండి. లేని దరువును వెదకకండి.

3. మంద్రం ఒక్క పాటకే ఇవ్వండి. గాత్రం మీద గాత్రాన్ని రానివ్వకండి.

4. ఎర్రదీపం వెలిగిందంటే మీట దించవలసిన సమయం వచ్చినట్లే.

5. హాలు నిండిన తరువాత ఒకసారి బల్ల వదిలి, చివరి వరుస వరకు నడిచి వినండి. పాటలోని ఒక చరణం పూర్తిగా అర్థమైనదా అని పెద్దవారొకరినీ, చిన్నపిల్లవానినొకనినీ అడగండి.

6. రెండు మూడు గంటలు ఎడతెగక వింటే చెవి అలసి, తారం తగ్గినట్లు భ్రమ కలిగిస్తుంది. అప్పుడు చక్రం పెంచకండి, చెవికి విశ్రాంతి ఇవ్వండి.

2019లో ఫ్రాన్సుకు చెందిన డీజర్ సంస్థ, పాటలోని గాత్రాన్నీ వాద్యాలనూ వేరుచేసే స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేరును అందరికీ అందుబాటులో ఉంచింది. తరువాతి సంవత్సరాలలో పాటలు కలిపే సాఫ్ట్‌వేర్లలోకి కూడా ఈ శక్తి ప్రవేశించింది. నేడు ఒక పాట గొంతును మరొక పాట దరువు మీద నడిపించవచ్చు. పనిముట్టు ఎంత పదునెక్కినా దేనిని నిలపాలి, దేనిని తొలగించాలి అనే నిర్ణయం మాత్రం మనిషి చెవిదే.

బియ్యం చేటలో చెరిగేటప్పుడు మన అమ్మమ్మలు గింజను పెంచలేదు, ఊకను తొలగించారు. పాటలు కలిపే యువకుడు చేయవలసినదీ అదే. ఆ పని సరిగా జరిగిన సాయంత్రం తాతగారు కుర్చీలోనే కూర్చుని ఉంటారు, మనవడు ఆడుతూనే ఉంటాడు, వారి మధ్యనున్న పసివాడు పాటలోని ఒక తెలుగు మాటను ఇంటికి తీసుకొనిపోతాడు.